కనుపాపల మధ్య దూరం

రెండు కనుపాపల మధ్య దూరం మిల్లీమీటర్లలో రాయండి, అంటోంది ఫోను. ఆ మాట కింద ఒక ఖాళీ గడి, గడిలో ఆరుతూ వెలుగుతూ ఒక సన్నని గీత; నేను ఏదో ఒక అంకె వేసేదాకా అది అలా ఊపిరి తీస్తూనే ఉంటుంది కాబోలు. ఫ్రేము ఎంచుకోవడం అయింది, ఊరికి వచ్చిన కంటి డాక్టరు రాసిచ్చిన చీటీని ఫొటో తీసి పెట్టడం అయింది, ఇక ఈ ఒక్క అంకె కోసం మా మరిది జుమాదిల్ రావాలి, ఎందుకంటే కళ్లు అతనివి. టీ వేళకి వస్తానన్నాడు. మా కొండల ఊరు నారిన్‌లో టీ వేళ అంటే బడి గంట లాంటిది కాదు. గుర్రానికి నీళ్లు పెట్టి, దారిలో ఎదురైనవాళ్ల గొర్రెల క్షేమం కూడా అడిగి, ఆ తరవాత వచ్చేది టీ వేళ. బల్ల మీద స్కేలు పెట్టుకుని కూచున్నాను. చూరు మీది మంచు కరిగి కిటికీ బయట చుక్కలుగా పడుతోంది, చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం ఒకలా ఉండదు, పిల్లలకి డిక్టేషన్ చెప్పేటప్పుడు వెనక బెంచీ వాడు రాయడం పూర్తయిందో లేదో చూసి గాని నేను తరవాతి మాట వదలనట్టు, చూరు కూడా ఎవరికోసమో ఆగి ఆగి చెబుతున్నట్టుంది. ఫోను వెలుగు తగ్గిపోయింది. వేలితో తాకాను. మళ్లీ అదే ప్రశ్న.

జుమాదిల్‌కి నేను కళ్లజోడు కొనిపెట్టడం మంచితనం కాదు. అతని ముఖం మీద ఇప్పుడున్న జోడు నాకు కావాలి. అది మా ఆయనది. ఇంత సూటిగా ఈ మాట ఎవరితోనూ అనలేదు, నాలో నేను అనుకోవడం కూడా ఈ చూరు చుక్కల మధ్యనే. చలికాలం మొదట్లో ఆయన పోయాడు. పశువుల డాక్టరు; ఎవరి ఆవుకో ఈత కష్టమైందంటే చీకటితో వెళ్లి, పొద్దెక్కాక తిరిగొచ్చాడు. బయటి చలిలోంచి ఇంట్లోకి అడుగుపెట్టగానే ఆయన అద్దాలు పాలు పోసినట్టు తెల్లబడేవి, ప్రతి చలికాలం, ప్రతిసారీ. గుడ్డతో తుడిచేవాడు కాదు, గీతలు పడతాయట. తీసి కోటు లోపలి జేబులో పెట్టి, కోటు మేకుకి తగిలించి, అద్దాలు వెచ్చబడేదాకా ఉత్త కళ్లతో పొయ్యి పక్కన కూచుని, నేను ఉన్నాననుకున్న వైపుకి నవ్వేవాడు. ఎవరమ్మా నువ్వు, బాగున్నావే, కాస్త టీ పొయ్యి, అనేవాడు. పెళ్లయిన మొదటి చలికాలం నుంచీ అదే హాస్యం. నేను నవ్వేదాన్ని కాదు, పెదవి బిగపట్టి టీ పోసేదాన్ని, అంత దూరం నుంచి నా పెదవి ఆయనకి కనబడదని తెలిసి కూడా. ఆ రోజూ జోడు జేబులో, కోటు మేకుకి, ఆయన పొయ్యి దగ్గర. టీ పోసి గిన్నెతో వెనక్కి తిరిగాను. అంతే. ఆ టీ గిన్నె ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తుకు రాదు.

తరవాత వాకిట్లో ఉన్ని గుడారం లేచింది, ఎవరు లేపారో, నేను లోపల గోడ వైపు తిరిగి కూచుని మిగతా ఆడవాళ్లతో కలిసి శోకం పాడుతున్నాను, నా గొంతు నాకే పక్కింటి గొంతులా వినిపిస్తోంది, మగవాళ్లు వేడినీళ్లు మోసుకెళ్లడం నేల మీద అడుగుల బరువుని బట్టి తెలుస్తోంది. స్నానం చేయించినవాళ్లకి పోయినాయన బట్టలు ఇవ్వాలి కదా, మా పెద్ద ఆడపడుచు ఇంట్లోకి వెళ్లి ఒక్కొక్కటీ తీసి పంచింది, టోపీ ఒకరికి, బూట్లు ఒకరికి, నీళ్లు పోసిన జుమాదిల్‌కి కోటు. అతను ఆయనకి చిన్నాన్న కొడుకు, కోటు అతనికి వెళ్లడమే సబబు. మేకు మీది కోటు తీసి ఇచ్చేటప్పుడు జేబు తడమాలని ఎవరికి తోస్తుంది? నలభయ్యో రోజు ప్రార్థనకి జుమాదిల్ ఆ కోటు వేసుకుని, ఆ జోడు పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ ఆ ముఖం మీద మా ఆయన కళ్లజోడు చూసి నేను లేవబోయాను. లేచి ఏం చేద్దామనో తెలియదు. ముసలివాళ్లు మాత్రం అతన్ని మెచ్చుకున్నారు, అన్న వస్తువుకి మర్యాద నిలబెట్టావు నాయనా అని. అలా ఇచ్చినదాన్ని వెనక్కి అడగకూడదు. అడిగితే, నీళ్లు పోసిన చేతులు పోయినాయనకి సరిపడలేదని అన్నట్టు. జుమాదిల్ తిరిగి ఇచ్చినా అంతే, ఆ పని బరువనిపించి దించుకున్నాడని అంటారు. కాబట్టి అడగలేదు. వీధిలో జుమాదిల్ ఎదురైతే తల తిప్పుకుని వెళ్లడం మాత్రం మొదలుపెట్టాను, జోడు అతని ముక్కు మీద ఒక పక్కకి ఒరిగి ఉండేది, మా ఆయన ముక్కు కాస్త వంకర, ఫ్రేము ఆ వంకరకి అలవాటు పడింది, జుమాదిల్ ముక్కు తిన్నగా ఉంటుంది.

ఈ ఆలోచన ఎప్పుడు పుట్టిందో చెప్పలేను, పిండి పులిసినట్టు దానంతటది పొంగింది. అతని కళ్లకి సరిపోయే మంచి జోడు ఒకటి దొరికితే, పాతది అల్మారాలోకి పోతుంది, కొన్నాళ్లకి ఎవరిదీ కాకుండా పోతుంది, అప్పుడు ఎప్పుడో నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు, వాళ్లావిడ దుమ్ము దులుపుతూ, ఇదిగో ఇది ఇక్కడుందే, అంటుంది. అక్కడిదాకా ఊహించుకుని ఆగేదాన్ని, ఆ తరవాత నా చెయ్యి ఎలా చాచాలో నాకు వచ్చేది కాదు. ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం లేదు. బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పే బార్చిన్ మాత్రం కర్టెన్ల దగ్గరనుంచి గొర్రెల మందుల దాకా అన్నీ ఫోనులోనే తెప్పిస్తుంది, బిష్కెక్ నుంచి వచ్చే టాక్సీ డ్రైవర్లు బడి గేటు దగ్గర ఆమె పేరు పెట్టి హారన్ కొడతారు. ఆమెనే అడిగాను. ఎవరికక్కా, అంది. మరిదికి, అన్నాను. "అబ్బో, మరిదికి కళ్లజోడు కొనిపెట్టే వదినని నిన్నే చూశాను! ఏం, నిన్ను సరిగ్గా చూడటం లేదనా?" అంది, టీచర్ల గదిలో అందరూ నవ్వారు, మా వదినా మరుదుల వరస ఉన్నదే నవ్వడానికి, ఆ వెంటనే భర్త పోయినదాన్నని చెప్పే నా తలగుడ్డ గుర్తొచ్చి అందరూ ఒక్కసారే నోటుపుస్తకాలు దిద్దడంలో పడ్డారు. బార్చిన్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "తప్పుగా అనుకోకక్కా, నా నోరంతే. ఇదిగో, ఇక్కడ నొక్కు. ముఖం చూపిస్తే ఫ్రేములు అదే పెట్టి చూపిస్తుంది. భయపడకు, కరవదు."

కరవలేదు గాని, ఇంటికొచ్చాక నేను దాన్ని ఆ రోజు సాయంత్రం వెలుగు ఉన్నంతసేపూ వదల్లేదు. ఫోను ముందు ఏ ముఖం పెడితే ఆ ముఖానికి జోడు తొడుగుతుంది. ముందు నాది, నల్ల ఫ్రేములో నేను మా పాత హెడ్మాస్టరు గారిలా ఉన్నాను. తల తిప్పితే జోడూ తిరుగుతుంది, కిందికి వంచితే కాస్త ఆలస్యంగా వంగుతుంది, నీళ్లలో నీడ మనకన్నా ఒక క్షణం వెనకబడ్డట్టు. తరవాత ఎందుకో లేచి వెళ్లి, పత్రాల కోసం దిగిన ఆయన ఫొటో తీశాను. అందులో జోడు తీసేయమన్నారు, అందుకే ఆ చూపు ఎక్కడా ఆనకుండా, కెమెరాని దాటి, ఫొటో తీసేవాడిని దాటి, ఎటో ఉంది. ఫోనుని దాని ఎదురుగా పట్టుకున్నాను. ఫోను ఒక్క క్షణం తడబడి, తరవాత నమ్మింది. ఆయన ముఖం మీద ఆకుపచ్చ ఫ్రేము కూచుంది. వేలు జరిపితే బంగారు రంగుది. జరిపితే గుండ్రటిది, దాంతో ఆయన మా బడి వార్షికోత్సవంలో ముసలి పాత్ర వేసే పిల్లవాడిలా ఉన్నాడు, జరిపితే గోధుమరంగుది, ఆయనదాని లాంటిదే, దాదాపు. దాదాపు అన్నది చాలా పెద్ద దూరమని అప్పుడు తెలిసింది. నా చెయ్యి కదిలితే ఆయన జోడు కదిలింది, సరిచేసుకుంటాడేమోనని చూశాను.

నా కళ్లు ఎక్కడ, అని నిద్ర లేచేవాడు. జోడు అనేవాడు కాదు. నేను పొయ్యి రాజేస్తూ వచ్చి కిటికీ గట్టు మీంచి తీసి ముఖానికి పెట్టేదాన్ని, చెవుల వెనక్కి జోడు కాళ్లు సర్దేటప్పుడు నా వేళ్లు చల్లగా ఉన్నాయని గోల. కొత్త పెళ్లికూతురుగా వేసవి పచ్చిక కొండల మీద ఉన్నప్పుడు, ఏరు దాటుతుంటే గుర్రం కాలు జారి ఆయన జోడు నీళ్లలో పడిపోయింది, ఏరు దాన్ని తీసుకుని పరిగెత్తింది, ఆయన వెనక్కి కూడా చూడలేదు, ఇప్పుడది నారిన్ నదిలో కలిసి మనకన్నా ముందు కింది దేశాలు చూస్తుంది, అన్నాడు. కొత్త జోడు వచ్చేదాకా గుర్రాన్ని నమ్మి తిరిగాడు, గొర్రె పళ్లు చూడాలంటే దాని నోట్లో ముక్కు పెట్టేవాడు, నాతో ఏం మాట్లాడాలన్నా అంత దగ్గరికీ వచ్చేవాడు, అత్తగారు చూస్తున్నారు జరగండి అంటే, జరిగితే నువ్వు కనబడవు, ఎవరితో మాట్లాడుతున్నానో తెలియాలి కదా, అనేవాడు. ఆ అద్దాల్లోంచి చూస్తే ఆయనకి ఏం కనిపించేదో నేను ఎప్పుడూ చూడలేదు. కావలసినంత కాలం ఉంది కదా అనుకున్నానేమో. అనుకోను కూడా లేదు. ఇంట్లో ఉప్పు డబ్బాలా ఎప్పుడూ ఉండేదాంట్లోంచి చూడాలని ఎవరనుకుంటారు?

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. జుమాదిల్ వచ్చాడు. గుర్రాన్ని కట్టేశాడు, కాలవ మీది పలకని చూసుకుని చక్కగా దాటాడు, అతని ముఖం మీద జోడు లేదు. గేటు దగ్గర ఆగాడు. కోటు లోపలి జేబులోంచి తీసి, రెండు చేతులా పెట్టుకుని, వేలితో ముక్కు మీద ఎత్తి సర్దుకున్నాడు, మసీదు గుమ్మంలో టోపీ సర్దుకున్నట్టు. అప్పుడు గేటు తోసి, కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక ఒకసారి గాల్లో ఆపి, తిన్నగా మంచునీళ్ల గుంటలో వేశాడు. నేను చూశాను. చూసింది నాలోకి నెమ్మదిగా దిగుతోంది, నేలలోకి మంచు నీరు దిగినట్టు.

"వదినా, బతికున్నావా? టీ వాసన రాలేదే, వేరే ఇంటికొచ్చానేమో అనుకున్నా."

"వేరే ఇంటికి కాదు, గుంటలోకొచ్చావు. బూట్లు బయటే విప్పు, నేలంతా నీళ్లు."

"ఆ గుంట మొన్న లేదు."

"గుంట ఉంది. నీ కళ్లే లేవు. ఇలా వెలుగులో కూచో. జోడు తియ్యి, కొలవాలి."

తీశాడు. బల్ల మీద పెట్టాడు, నా చేతికి ఆనేంత దగ్గరలో. నేను దాన్ని చూడలేదు, అతని ముక్కు చూశాను, రెండు పక్కలా రెండు చిన్న ఎర్రటి గుంటలు. స్కేలు అతని కనుబొమల కింద ఆనించాను, నా ఎడమ చెయ్యి అతని కణత మీద. నా ఒక కన్ను మూసి, సున్నాని అతని ఒక కనుపాప నడిమికి తెచ్చి, ఆ కన్ను తెరిచి రెండోది మూసి, ఇలా చెయ్యాలని బార్చిన్ చెప్పింది. మనిషి కనుపాపని ఇంత తీరిగ్గా నేను ఎవరి ముఖంలోనూ చూడలేదు, నల్లటి నీళ్ల బావి, అడుగున కిటికీ, కిటికీలో నేను. ఈ ముఖానికి ఉన్న చేతులే ఆయన ముఖాన్ని ఆఖరిసారి తాకాయి.

"కదలకు. నవ్వితే అంకె మారుతుంది."

"వదిన ఇంత దగ్గర కూచుంటే నవ్వు రాదేమిటి? మా ఆవిడ చూసిందో, రేపు నాకూ స్నానం చేయించాల్సి..." ఆగిపోయాడు. కణత మీద నా వేళ్ల కింద నరం కొట్టుకుంది. "నోరు జారింది వదినా."

పరవాలేదు అన్నాను. స్కేలు తీయలేదు. చూరు రెండు మూడు మాటలు చెప్పింది. అక్కడ చూసినవి బయట చెప్పకూడదు, స్నానం చేయించినవాళ్లు ఎవరూ చెప్పరు, అడగడమూ తప్పే, నేను అడగలేదు. అతనే అన్నాడు, కళ్లు కిటికీ వైపే పెట్టి, గొంతు తగ్గించి. "ఒక్కటి చెప్పచ్చేమో. అన్న ముక్కు మీద జోడు గుంటలు రెండున్నాయి కదా. ఎన్ని నీళ్లు పోసినా అవి పోలేదు. ముఖం అంతా నిద్రలో ఉన్నట్టుంది, అవి మాత్రం ఇప్పుడే జోడు తీసి పక్కన పెట్టినట్టున్నాయి. అక్కడ నేను గట్టిగా రుద్దలేదు."

అరవై అయిదు. అంకె గడిలో వేశాను. గీత ఊపిరి తీయడం మానేసింది. టీ పోశాను, మీగడ గిన్నె అతని వైపు జరిపాను, నూనెలో వేయించిన పిండిముక్కలు, బోర్సోక్‌లు, ముందు పోశాను. అప్పుడు అడిగాను, గేటు దగ్గర ఎందుకు పెట్టుకున్నావు, అని.

"చూశావా?" చెవులు ఎర్రబడ్డాయి. అతనికీ మనవలున్నారు, చెవులు మాత్రం చిన్నప్పటివే. "నీ దగ్గర దాచేదేముంది. దాంతో నాకు నా గుర్రం గొర్రెపిల్లంత కనిపిస్తుంది వదినా. మెట్టుంటుంది, ఉండాల్సిన చోట ఉండదు. ఇంట్లో పెట్టుకోను. ఈ వీధిలోకొచ్చినప్పుడే. అన్న వస్తువు మూలన పడేశాడని నువ్వు బాధపడతావని."

"నేను బాధపడతాననా?"

"నన్ను చూస్తే తల తిప్పుకునేదానివిగా. సరిగ్గా పెట్టుకోవడం లేదేమో, ఇంకా బాగా కనబడేట్టు పెట్టుకోవాలేమో అనుకున్నా. పోయిన వారం అది పెట్టుకునే ఇమాం గారి దూడకి సలాం చేశా."

నవ్వు వచ్చింది. ఆయన పోయాక ఇంట్లో అది మొదటి నవ్వు, గోడలు దాన్ని గుర్తుపట్టలేదు. నవ్వుతుండగానే నా నోటి నుంచి వచ్చేసింది, జాగ్రత్తగా దాచిన మాట, వ్యాకరణం సరిచూసుకోకుండా. "అవి నాకు కావాలి జుమాదిల్. అందుకే నీకు కొత్తవి కొంటున్నా."

అతను నమలడం ఆపాడు. జోడు తీసి నా ముందు పెట్టబోయి, సగంలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇవ్వగలిగితే ఇప్పుడే ఇచ్చేవాడు, అది అతని ముఖంలో ఉంది. "వెనక్కిస్తే, అన్నకి నేను పోసిన నీళ్లు వెనక్కి తీసుకున్నట్టే కదా వదినా. నలుగురూ అనేది వదిలెయ్, నాకే..." అన్నాడు. నాకు తెలుసు అన్నాను. నిజంగానే తెలుసు. జోడు మా ఇద్దరి మధ్య, ఎవరి వైపూ కాకుండా. దాన్ని ఒక్కసారి ముట్టుకోవచ్చా అన్నాను. తీసి పెట్టుకున్నాను. జుమాదిల్ బల్ల అటు చివర, చాలా దూరంలో, వేలెడంత మనిషిగా కూచుని ఉన్నాడు, కిటికీ అగ్గిపెట్టె అంత, పొయ్యి వంకరగా, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతున్నాయి. ఆయన చూసింది ఇది కాదు. ఆయన కళ్లు లేకుండా ఈ అద్దాలు ఆయన చూసింది చూపించవు. అయినా తీయబుద్ధి కాలేదు, కళ్లు నొప్పి పుట్టి నీళ్లు వచ్చేదాకా.

తీసి పెట్టేసరికి ఫోను మళ్లీ నిద్రపోయింది. లేపాను. ఇందాక ఫ్రేముల హడావుడిలో చూడని వరస ఒకటి పేజీ అడుగున ఉంది. మీ సొంత ఫ్రేమును పంపితే కొత్త అద్దాలు బిగించి ఇస్తాం. ఎంచుకున్న కొత్త ఫ్రేముని రద్దు చేసి దాన్ని నొక్కాను, ఏం చేస్తున్నానో తెలియకుండానే. కనీసం ఇతను గుంటల్లో పడకుండా ఉంటాడు, అన్న జోడు అన్న జోడులాగే ముఖాన ఉంటుంది. వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. గట్టిగా చదివాను. "తీసేసిన పాత అద్దాలు: పారవేయాలా, తిరిగి పంపాలా?"

జుమాదిల్ టీ గిన్నె పక్కకి జరిపాడు. తరవాత గొంతు మార్చి, విందులో తల వడ్డించాక పెద్దమనిషి మాట్లాడేట్టు అన్నాడు: "విందులో గొర్రె తలకాయ ఎవరికిస్తారు?"

"గౌరవించాల్సినవాడికి."

"వాడు మొత్తం వాడే తింటాడా? కన్ను కోసి, ఎవరిని మళ్లీ మళ్లీ చూడాలనుకుంటాడో వాళ్ల చేతిలో పెడతాడు. అది తలకాయ వెనక్కివ్వడం అవుతుందా?"

కాదు అన్నాను. 

"మరింకేం. తలకాయ నాకొచ్చింది. కోసి పంచుకోవడం నా ఇష్టం. రాయి, అద్దాలు నీకు పంపమని. ఫ్రేము రేపు పొద్దున్న టాక్సీకి పోతుంది కదా, ఇవాళ్టికి ఇక్కడే ఉండనీ."

నొక్కాను. పార్సిలు ఎవరి పేరున, అని అడిగింది. ఈ ఇంటికి ఇంతవరకు ఏది వచ్చినా, విత్తనాలు, మందులు, చివరికి నా బడి పుస్తకాలు కూడా, ఆయన పేరునే వచ్చేవి, డ్రైవర్లు ఆయన పేరు పెట్టే పిలిచేవాళ్లు, నేను గుమ్మంలో నిలబడి సంతకం చేసేదాన్ని. వేలు ఆయన పేరు మొదటి అక్షరం మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు ఉంది. జుమాదిల్ మీగడలో బోర్సోక్ ముంచుకుంటున్నాడు. వేలు తీసి, బడిలో హాజరు రాసేటంత శుభ్రంగా, నా పేరు, బురుల్, అని రాశాను.